పాప పక్కన జాగా

చీర మార్చుకునేదానికి గూడా మీ పార్టీ నాగరాజుని అడగాల్నా ఏమయ్యా? నా ఇంట్లో, నా మొగుడి దగ్గిర తలుపు మూసుకునేదానికి ఆయప్ప పర్మిషనా? "బేగ కానీండమ్మా, లైవ్ ఉండాది" అంటాడు. నువ్వు చూస్తే ఈ గాజు పెట్టెలో పండుకోనుండావు, బయట లైవంట.

గొళ్లెం వేసినా. కొట్టుకోనీ. మొగుడు పోయిన ఆడది కడపటి తూరి పసుపు పూసుకొని, గాజులు తొడుక్కొని, ఆయన ముందర ఒంటిగా కూర్చోవాల, అది మన ఆనవాయితీ అని కోడలికి చెప్పినా. మమత పాపం నమ్మింది. అట్లాంటిది మనకి యాడుండాది? ఇప్పుడే కల్పించినా. నువ్వు ఎన్ని కల్పించినావో, నేను ఒకటి కల్పిస్తే తప్పా?

ఇంకా కొంచేపటికి తీసుకుపోతారంట నిన్ను. పూల లారీ గేటు కాడ నిలబెట్టినారు. మహదేవపురలో మైదానం ఉండాది కదా, ఆడ జనం చూసేదానికి పెడతారంట. ఆమేలె, అదయినంక, చందనం కట్టెలు, డబ్బాలు డబ్బాలు నెయ్యి, కాశీ నుంచి వచ్చిన అయ్యవార్లు. కాలుస్తారంట నిన్ను. వినపడిందా? కాలుస్తారు.

నువ్వేమో నా మణికట్టు పట్టుకొని, కాల్చొద్దే అంటివి.

అంటివా లేదా? ఆసుపత్రిలో, నోట్లో పైపు తీసిన దినం. మధ్యాన్నం అది. కిటికీలో నుంచి చూస్తే రింగు రోడ్డు మీద ఆఫీసు బస్సులు పోతాండాయి. నేను తడి గుడ్డతో నీ పెదాలు తుడుస్తాండా. కండ్లు తెరిచి, నన్ను గుర్తు పట్టి, మణికట్టు పట్టుకుంటివి. ఆ పట్టుకి గాజు చిట్లింది. "ఏమే, నన్ను కాల్చొద్దే. పాప పక్కన మన్ను చెయ్యి" అంటివి.

మళ్లీ అంటివి. "మంట వద్దే" అంటివి, చిన్నబిడ్డ మాదిరి.

పక్కన ఉండింది ఆ కేరళ నర్సమ్మ ఒకతే. ఆయమ్మకి తెలుగు రాదు. సారు ఏమంటాండారు అని కన్నడలో అడిగె. నీళ్లు అడుగుతాండాడు అన్నా. ఏమిటికి అట్లన్నానో నాకే తెల్దు. బయట కారిడార్లో నీ పార్టీ పిల్లకాయలు కాషాయం శాలువలు కప్పుకొని కూర్చోనుండారు. వాళ్ల చెవిన పడుతుందని భయమాయెనేమో.

ఇన్నేండ్లు మైకుల్లో కన్నడలో మాట్లాడినావు, ఢిల్లీ నుంచి ఎవరన్నా వస్తే హిందీలో మాట్లాడినావు. ఊరంతా విన్నారు. కడపటి మాట తెలుగులో, నా ఒక్కదాని చెవిలో చెప్పి పోతివి. ఇప్పుడు అది నిజమని ఎవరికి చూపించేది నేను?

చేతన్‌కి చెప్పినా. నీ కొడుకే కదా, వాడికి చెప్పకపోతే ఎవరికి చెప్తా. ఆసుపత్రి లిఫ్టు కాడనే చెప్పినా. వాడు నన్ను మూలకి పిలుచుకోని పోయి, "అమ్మా, మందుల మత్తులో ఏదో అనింటాడు, నువ్వు ఎవరి దగ్గిరా అనొద్దు" అనె. నన్ను గుర్తు పట్టింది నిజం, పాపని తలుచుకున్నది నిజం, ఇదొకటి మత్తంట.

"నాన్న ఏమన్నాడో ఊరూరా గోడల మీద రాసుండాది. దానికి తలకిందులుగా నువ్వొచ్చి చెప్తే ఎవరు నమ్ముతారమ్మా" అనె.

అది మాత్రం సరే కదయ్యా. ఎవరు నమ్ముతారు? గేటు బయట ఇప్పుడు గూడా అరుస్తాండారు, విను. "కాల్చేవాడే హిందువు." నీ మాటే. అదిప్పుడు నీ వాకిట్లోనే కావలి కూర్చోనుండాది.

ఆ మాట పుట్టిన దినం నేను ఆడనే ఉండా. మర్చిపోయినావా?

అప్పుడు నువ్వు లీడరువీ కాదు, ధర్మసింహానివీ కాదు. సైకిలు మీద కొత్తిమీర, దంటుకూర కట్టలు వేసుకొని మార్కెట్టుకి పోయే అంజినప్పవి. వినాయకుడి పెండాలు వేస్తే ముందర నిలబడేవాడివి, అంతే. ఈ బెళ్ళందూరులో అప్పుడు అంతా చేలే. మన చేనికి ఆనుకొని సాయిబుల గోరీల జాగా. వాళ్లకి జాగా చాలక, పక్కనుండే గవర్నమెంటు బీడు కొంచెం అడిగినారు. మీ గుంపు ఇయ్యకూడదు అన్నారు. పోలీసులొచ్చిరి, పేపరోళ్లొచ్చిరి. ఎవరో నిన్ను లారీ మీదికి ఎక్కించి మైకు చేతిలో పెట్టిరి.

నేను కిందనే, ముద్ద క్యారియరు పట్టుకొని నిలబడుండా.

"మనము చస్తే గుప్పెడు బూడిద అయి నీళ్లలో కలిసిపోతాము. వాళ్లు చచ్చినంక గూడా ఆరడుగుల నేల పట్టుకొని వదలరు. కాల్చేవాడే హిందువు, తెలుసుకోండి" అంటివి. జనం ఈలలు వేసిరి. నువ్వు ఇంకోసారి అంటివి. ఇంకా పెద్దగా ఈలలు.

ఆ చప్పట్లు కొట్టేవాళ్లలో సగం మంది మన కులపోళ్లే కదయ్యా. మనం ఏనాడు కాల్చినాము? మీ నాయినని యాడ పెట్టినావు? మీ తాతని యాడ పెట్టినారు? ఆ లారీ మీద నుంచి తల కొంచెం తిప్పింటే కనపడేది. కంచెకి ఆ పక్క వాళ్ల గోరీలు, ఈ పక్క మనవి. మన పాపది గూడా.

మీ పెద్దనాయిన కొడుకు పిల్లప్ప నా పక్కనే నిలబడి చప్పట్లు కొడతాండాడు. వాళ్ల నాయినకి ఆ ముందు వారమే ఆడ మన్ను చేసి, మూడో దినం పాలు నెయ్యి పోసి వచ్చినోడు. ఆయప్పకి గూడా తోచలే. ఒక్కరికి గూడా తోచలే.

ఇంటికొచ్చినంక అడిగినా. మనము పూడ్చేవాళ్లమే కదా, అట్లంటివే అని. నువ్వు నవ్వితివి. "అది మీటింగు మాటే, నీకు తెల్దులే" అంటివి. ముద్ద తింటివి, పండుకుంటివి. నిద్ర గూడా బాగా పట్టె నీకు.

మీటింగు మాట అంటే మీటింగు అయినంక పోవాల కదా. అది పోలే. ఫ్లెక్సులెక్కె, టీషర్టులెక్కె, ఎవరికన్నా ఫోను చేస్తే నీ గొంతుతో అదే. ఆ మాటే నిన్ను కార్పొరేటర్ని చేసె, ఆ మాటే ఎమ్మెల్యేని చేసె. సాయిబులకి ఆ బీడు దక్కలే. ఆడ నీ పేరుతో పార్కు వచ్చె.

మన కుల పెద్దలు వచ్చినారు ఒక దినం, నీకు గుర్తుండాదా. ముందర హాల్లో కూర్చోని, "అప్పా, మన ఇండ్లల్లో ఆనవాయితీ వేరే కదా, ఇప్పుడు పూడిస్తే పక్కింటోళ్లు ఒక మాదిరి చూస్తాండారు, ఏం చేసేది" అని అడిగిరి. నువ్వు కాఫీ ఇప్పిస్తివి. కాలం మారతాది, మనమూ మారాల అంటివి. వాళ్లు కాఫీ తాగి లేచిపోయిరి. ఆ దినం నుంచి మన కులంలో గూడా ఒకరెనక ఒకరు కాల్చేదానికి మొదలుపెట్టిరి. ప్రతి దానికీ నువ్వు పోయి దండేసి వస్తివి.

ఆ... వస్తాండా మమతా. పసుపు ఆరనీ. తడి పసుపుతో రాకూడదు.

పాపం, బిడ్డ మంచిదే. ఏడ్చి ఏడ్చి కండ్లు వాచిపోయినాయి దానికి.

నేను చెప్పేది ఏమంటే, నువ్వు అట్లాంటోడివి కాదు. అదే నాకు మండేది. పుట్టుకతోనే రాయి అయ్యింటే నేను ఇంత ఏడ్చేదాన్ని కాదు. మన పాప అంబిక జ్వరంలో పోయినప్పుడు నువ్వు ఎట్లుండావో చూసింది నేను ఒకదాన్నే.

వాన దినం అది. మన గుంతలు తవ్వే మారప్ప ఊర్లో లేడు. కంచెకి ఆ పక్క నుంచి బాషా వచ్చినాడు, వాళ్ల గోరీల కావలోడు. అప్పుడు మీసం గూడా సరిగ్గా రాలే ఆయప్పకి. "అన్నా, నేను తవ్వుతా" అనె. నువ్వు గుద్దలి మాత్రం తీసుకొని, "నా బిడ్డకి నేనే" అంటివి. వానలో నిలబడి తవ్వితివి. మన్ను నీ తల్లో, చెవుల్లో, నోట్లో. గుంతలో నీళ్లు ఊరతాంటే రుమాలుతో తోడితివి.

పాపని పెట్టినంక నాతో అంటివి, "మన్ను మేలే. దుప్పటి కప్పినట్టుంటాది" అని. అదే కదయ్యా నీ నిజం మాట. లారీ మీద మాట కాదు.

చేను అమ్మినప్పుడు గూడా ఆ మూల నువ్వు అమ్మలే. అపార్టుమెంటోళ్లు ఎంత అడిగినా ఇయ్యలే. కానుగ చెట్టు కింద మీ నాయిన, మీ తాత, మన పాప. నాలుగు పక్కలా ఆకాశం తగిలేట్టు బిల్డింగులు లేచినాయి, ఆ మూల ఆ మూలే ఉండె. ఆమేలె ఆ అపార్టుమెంటు సంఘం వాళ్లు వచ్చి, బాల్కనీలో నిలబడితే గోరీలు కనపడతాండాయి సార్, పిల్లలు భయపడతాండారు అనిరి. సాయిబులవి అనుకొని నీ దగ్గిరికే కంప్లైంటు తెచ్చిరి, చూడు.

నువ్వేం చేస్తివి? మావి అని చెప్తివా? లేదు. నాగరాళ్లు తెప్పిస్తివి. ఆ మూడు గోరీల తలకాడ మూడు నాగరాళ్లు నిలబెట్టి, పసుపు కుంకుమ పూయించి, ఇది మా వంశం నాగప్ప జాగా అంటివి. వాళ్లు చెప్పులు విడిచి దండం పెట్టుకొని పోయిరి.

ఇప్పుడు ఆ సాఫ్టువేరు ఆడబిడ్డలు మంగళవారం మంగళవారం వచ్చి పాలు పోస్తారు. మన పాప మీద పోస్తాండామని వాళ్లకి తెల్దు. నేను దూరంగా నిలబడి చూస్తా. బతికినప్పుడు పాప పాలు తాగేది కాదు కదా, గ్లాసు తోసేసేది. ఇప్పుడు ఎంత మంది తాపుతారో.

దానికి గూడా నేను ఏమనలే. దాచిపెట్టుకున్నాడులే, పోగొట్టుకోలే కదా అనుకున్నా.

అత్తది మాత్రం నేను మింగలేకపోయినానయ్యా.

మీ అమ్మ టీవీ ముందర కూర్చోని నీ మీటింగులన్నీ చూసేది. నా కొడుకంటే ఊర్లో ఎంత మర్యాద అని పొంగిపోయేది. ఒక దినం నీ మాట విని, నువ్వు ఇంటికొచ్చినంక అడిగె. "నాయినా, కాల్చేవాడే అంటాండావే, అట్లయితే నన్నేం చేస్తావు?" అని. భయంతో అడగలే ఆయమ్మ. పప్పు చేసేదా చారు చేసేదా అని అడిగినట్టు అడిగె. నువ్వు ఫోను చూస్తా, "నీకేమమ్మా, నూరేండ్లుంటావు" అంటివి.

ఆమేలె నన్ను పిలిచి పెట్టె తెరిచి చూపించె. అంచు చీర ఒకటి ఎత్తిపెట్టుకోనుండె. ఇది కట్టి, మీ మామ ఎడమ పక్కన పెట్టించు, వాడికి మతి ఉండదు, నువ్వు చూసుకో అనె. చూసుకుంటా అత్తా అన్నా.

ఎలక్షన్ వారంలో పోయె ఆయమ్మ. గేటు కాడ కెమెరాలు. ఎవడో మైకు పెట్టి, అమ్మగారికి అంత్యక్రియలు ఎట్ల సార్ అని అడిగె. నువ్వు ఒక గడియ నా పక్క చూస్తివి. చూస్తివి, నాకు తెలుసు. ఆమేలె మైకు పక్క తిరిగి, "మన ధర్మం ప్రకారం" అంటివి.

అంచు చీరతోనే కాల్చినారు. అది ఎంత బేగ అంటుకునెనో నేను చూసినా.

మూడో దినం నేను పాలు నెయ్యి తీసుకొని ఆ మూలకి పోతిని. పోసేదానికి ఆయమ్మ గోరీ యాడుండాది? మామ ఎడమ పక్కన ఉత్త నేల ఉండె. ఆ ఉత్త నేల మీద పోసి వస్తిని. నీకు ఎవరో చెప్పినారు. ఆ దినం అన్నం ముందర కూర్చోని, కలిపి, తినకనే లేస్తివి.

ఆ దినం నుంచే కదా నీకు మంట అంటే పడకుండా పోయింది? అందరూ బీపీ అనుకునిరి. హోమాలకి పిలిస్తే పోతివి, గుండం ముందర కూర్చోబెడితే, పొగ పడదు అని ఎనక్కి జరిగితివి. చితికి నిప్పు పెట్టే కాడ దండేసి కారెక్కేస్తివి. వంటింట్లోకి వచ్చి స్టవ్ మంట తగ్గించే, తగ్గించే అంటివి. పప్పు ఉడకద్దా అని నేను తిడితిని. నాకు తెలుసు నీకేమాయెనో. నువ్వు చెప్పవు, నేను అడగను. అట్లనే జరిగిపోయె ఇన్నేండ్లు.

లేచి ఒక్క మాట చెప్పయ్యా. ఎంతమంది కోసం ఎన్ని మాటలు చెప్పినావు. నీ కోసం ఒక్కటి చెప్పు. తలుపు తీస్తా, మైకులు ఆడనే ఉండాయి, మనవాళ్లు పూడ్చేవాళ్లే, నన్ను గూడా పూడ్చండి అని ఒక్కసారి చెప్పి మళ్లీ పండుకో. నేను చెప్తే ముసలిదానికి మతి చలించింది అంటారు. నా దగ్గిర ఏముండాది? చిట్లిన గాజు ఒకటి ఉండాది. అది చూపిస్తే నమ్ముతారా?

ఈ పెట్టె గుయ్యిమంటా ఉండాది, అంతే.

నేను చేతులు ముడుచుకోని కూర్చోలే, తెలుసా. నిన్న నీ పాణం పోయిందని డాక్టరు చెప్పినంక, మొదట నేను ఫోను చేసింది బాషాకి. మన మారప్ప పోయి ఎన్నేండ్లాయె, ఆయప్ప కొడుకు ఎలక్ట్రానిక్ సిటీలో సెక్యూరిటీ. మన కులంలో గుంత తవ్వేవాడు ఒక్కడు మిగల్లే. నీ మాట విని అందరూ మానేసిరి కదా. నాకు తెలిసినోడు బాషా ఒకడే.

అన్నని పాప పక్కన పెట్టాల అన్నా. నువ్వు వద్దన్న ఆ బీడు లేకనే కదా, బాషా వాళ్లమ్మని వాళ్ల నాయిన గోరీ తెరిచి దాంట్లోనే పెట్టుకునె. ఆ మాట ఎత్తలే ఆయప్ప. "అన్న ఎత్తు ఎంతక్కా?" అని అడిగె. అంతే అడిగె.

తెల్లవారి పోయి చూసి వచ్చినా. పాలు పోసే వంకతో పోయినా. పాప పక్కన, కానుగ వేర్లు తగలకుండా, గోడలు చెక్కినట్టు తవ్వినాడు. లోపల మన్ను ఎర్రగా, తడిగా ఉండాది. నీ గుంత అది. నీ ఎత్తుకి తవ్వింది.

అది చూసి ధైర్యం వచ్చె నాకు. ఇంటికొచ్చి అందరి ముందర చెప్పేద్దాం అనుకోనే వచ్చినా. ఈ హాల్లోనే, నాగరాజు, పార్టీ పెద్దలు, అందరూ ఉండారు. నోరు తెరిచినా గూడా.

అప్పుడు చేతన్ నన్ను లోపలికి పిలుచుకోని పోయి కాళ్లు పట్టుకునె.

చిన్నప్పుడు గూడా వాడు నా కాళ్లు పట్టుకోలేదయ్యా, నీ మాదిరే మొండోడు. "అమ్మా, ఈ తూరి టికెట్టు నాకే అంటాండారు. నాన్న బూడిద కలశాల్లో పెట్టి తాలూకు తాలూకుకీ యాత్ర, ముందర నేను. ఇప్పుడు నాన్నని పూడిస్తే ఊరంతా నవ్వుతాది. నన్ను చూసి కాదమ్మా, నాన్నని చూసి నవ్వుతాది. ఆయన బతుకంతా ఒక నవ్వులాట అయిపోతాది" అనె. ఏడుస్తా అనె. నాటకమా నిజమా అని చూసినా. నిజంగానే ఏడుస్తాండె.

ఒక బిడ్డ మన్నులో ఉండాది. ఉండే ఒక బిడ్డ కాళ్ల మీద పడుండాడు. నువ్వయితే ఏం చేస్తావు?

ఆ... అయిపోయె నాగరాజప్పా, ఇంకొక్క గడియ. గాజులు ఎక్కతాండాయి.

చెప్తా, చెప్పేస్తా. ఇంతసేపు నిన్ను తిట్టింది, వాళ్లని తిట్టింది, అంతా సుమ్నె, ఊరికే. బయటికి వచ్చి టీవీ ముందర చెప్పింది నేనే. "ఆయన ఎప్పుడూ ఏం చెప్తాండెనో అట్లనే చెయ్యండి" అన్నా. నాగరాజు నాకు దండం పెట్టె. అందరూ జై కొట్టిరి. నీ చందనం కట్టెలకి సరే అనింది నేనేనయ్యా.

కొడుకు కోసం చేసినా అని ఇంతసేపూ నాకు నేను చెప్పుకుంటాండా. అది గూడా సుళ్లే, అబద్ధమే. నీ ముందర సుళ్లు చెప్పి ఏం లాభం? నువ్వు ఆ దినం నా మణికట్టు పట్టుకొని మంట వద్దే అన్నప్పుడు, నాకు మొదట పుట్టింది అయ్యో అని కాదు. అత్త గూడా అడిగె కదా అని పుట్టె. అప్పుడు మైకు పక్క తిరిగితివి కదా అని పుట్టె. అందుకే నర్సమ్మకి నీళ్లు అని చెప్పినానేమో. నాకే తెల్దన్నా కదా ఇందాక. తెలుసు.

ఎంత పాపిష్టిదాన్నో చూడు. ఇన్నేండ్లు నీ ముద్ద కలిపి పెట్టిన చెయ్యి ఇది.

కాని ఇంకొకటుండాది. బాషా పొద్దున చెప్పినాడు. "అక్కా, ఒకసారి తవ్వినంక ఉత్తగా మూయకూడదు. మూస్తే ఆ గుంత ఇంట్లో ఇంకొక పాణం అడుగుతాది" అని. వాళ్లలో అట్ల నమ్ముతారో లేదో తెల్దు, మనలో నమ్ముతారు, అది ఆయప్పకి తెలుసు. ఇంట్లో ఇంక ఎవరుండారు? చేతన్, మమత, నేను. నేనయితే పరవాలేదు. వాళ్లిద్దరి మాట ఏం చెప్పేది.

అందుకే ఈ కత్తెర తెచ్చుకున్నా. అందుకే గొళ్లెం. గాజులు పసుపు అంతా నెపం.

మూత బరువుండాదే. ఉండు. అమ్మా, ఎంత చల్లగా ఉండావయ్యా. మంట వద్దన్నావని మంచులో పెట్టినారు, పొద్దు తిరిగే లోపల ఆ మంటలోకే తోస్తారు.

నాగరాజు నీ తలకి పాగా మాదిరి కాషాయం పేట చుట్టినాడు. మంచిదే. ఎనక పక్క కొంచెం కత్తిరిస్తే ఎవరికీ తెల్దు. ఈడ, చెవి ఎనక. శానా నెరిసిపోయె కదా. ఆ వాన దినం ఈ జుట్టులో నుంచే మన్ను కడిగినా నేను, ఎంత కడిగినా వచ్చేది. నల్లగా ఒత్తుగా ఉండె అప్పుడు.

గోళ్లు గూడా. ఈ చేతివి. గుద్దలి పట్టుకున్న చెయ్యి.

చూడు, కొంగులో ముడేసినా. నీలో నాకు దక్కింది ఇంతే. వాళ్లు లారీతో మహదేవపురకి పోయినంక నేను పాలచెంబు పట్టుకొని ఆ మూలకి పోతా. ఎవరూ అడగరు, నాగప్పకి అనుకుంటారు. ఆ నిలువెత్తు గుంతలో దీన్ని పెడతా. బాషా మన్ను కప్పుతాడు. మూడో దినం పాలు నెయ్యి పోస్తా. మంగళవారమయితే ఆ సాఫ్టువేరు బిడ్డలు గూడా పోస్తారు.

నువ్వు నేల అడిగితివి, నేను గుప్పెడు వెంట్రుకలు పెడతాండా. కోపం చేసుకోవద్దు. పాపకి ఇది చాలు, మా నాయిన వచ్చినాడు అనుకుంటాది. చిన్నబిడ్డ కదా, ఎంత వచ్చినాడని కొలిచి చూడదు.

మూత వేసేస్తాండా.

పేట సరిచేసినా, తల కదిలించొద్దు. వస్తాండా, తలుపు తీస్తాండా, అంత గట్టిగా కొట్టొద్దని చెప్పు మమతా. టీవీ వాళ్లని రానీ.